ఇన్సులినోమా అంటే షుగర్ జబ్బు కాదు: రిపోర్టులో ఆ మాట కనిపిస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి పంజాగుట్ట వైపు నడిస్తే దారి పొడుగునా రెండు రకాల బోర్డులే ఎక్కువ. ఒకటి కంప్యూటర్ కోర్సులవి, రెండోది స్కానింగ్, రక్తపరీక్షల సెంటర్లవి. కోర్సుల కోసం పిల్లలు వస్తారు. స్కానింగుల కోసం పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ ఆ పిల్లలే వస్తారు. జహీరాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలు నుంచి నిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చే కుటుంబాల్లో రిపోర్టు కవరు ముందుగా తెరిచేది ఇంగ్లీషు చదవగలిగిన కొడుకో కూతురో. అమ్మీ పక్కన కూర్చుని వాళ్ల మొహంలోకే చూస్తుంటుంది. "ఏం రాసిండ్రు బేటా?" అని అడుగుతుంది.

ఆ కాగితంలో ప్యాంక్రియాస్ అని, పక్కనే 'ఇన్సులినోమా' అని ఉందనుకోండి. అక్కడే రెండు పొరపాట్లు మొదలవుతాయి. కొందరికి అందులో 'ఇన్సులిన్' ఒక్కటే వినపడుతుంది. "షుగర్ అంట, ఇన్సులిన్ సూదులు వేయాలంట" అని ఊరికి ఫోన్ వెళ్తుంది. తీపి బంద్ చేయిస్తారు. ఇంకొందరు ఫోన్‌లో వెతుకుతారు. ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని, బతికేది కొన్ని నెలలేనని చదివి ఆస్పత్రి మెట్ల మీదే కూలబడిపోతారు. రెండోది చాలామంది విషయంలో అనవసరమైన భయం. మొదటిది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఎందుకంటే ఇన్సులినోమా షుగర్ జబ్బుకు సరిగ్గా తలకిందులైన జబ్బు. ఇందులో రక్తంలో చక్కెర పెరగదు, పడిపోతుంది. ఆ మనిషికి తీపి ఆపేస్తే మందు ఆపేసినట్టే.

లబ్‌లబా, క్లోమం, ప్యాంక్రియాస్

ముందు అవయవం సంగతి. కడుపు వెనకాల, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకుని ఉండే గ్రంథి ఇది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. డాక్టర్లు దీన్ని తల, మెడ, నడుము, తోక అని చెబుతారు. తల కుడివైపు చిన్నపేగు వంపులో ఇరుక్కుని ఉంటుంది, తోక ఎడమవైపు ప్లీహం దాకా పోతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీని పేరు క్లోమం. ఉర్దూలో లబ్‌లబా. ఇళ్లలో మాత్రం ఈ రెండు పేర్లూ వినపడవు. గుండె, లివర్, కిడ్నీ అందరికీ తెలుసు. ప్యాంక్రియాస్ అనేది ఒకటుందని దానికి ఏదైనా అయినప్పుడే తెలుస్తుంది.

ఇది రెండు పనులు చేస్తుంది. తిన్నది అరిగించే రసాలు తయారుచేసి పేగులోకి పంపడం ఒకటి. గ్రంథిలో ఎక్కువ భాగం చేసే పని అదే. ఆ కణాల మధ్య అక్కడక్కడా చిన్నచిన్న గుంపులుగా వేరే కణాలు ఉంటాయి. మొత్తం గ్రంథి బరువులో వాటి వాటా ఒకటి రెండు శాతానికి మించదు. ఇన్సులిన్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదిలేది ఇవే. 1869లో పాల్ ల్యాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వీటిని మొదటిసారి వర్ణించాడు. అప్పటికి అతని వయసు 21, వాటి పని ఏమిటో అతనికీ తెలియదు. సముద్రంలో దీవుల్లా కనపడతాయి కాబట్టి తర్వాతివాళ్లు వాటికి ల్యాంగర్‌హాన్స్ దీవులని పేరు పెట్టారు. లాటిన్‌లో దీవిని 'ఇన్సులా' అంటారు. 'ఇన్సులిన్' ఆ మాట నుంచే వచ్చింది. ఉర్దూలో జజీరా అన్నట్టు. మన తెలుగు పుస్తకాల్లో వాటిని 'పుటికలు' అని రాయడంతో ఆ దీవి బొమ్మ పోయింది గానీ, పేరు వెనక సంగతి అది.

'ఓమా' తోక ఏం చెబుతుంది?

ఇన్సులినోమాలో ఇక మిగిలింది 'ఓమా'. గ్రీకు నుంచి వచ్చిన తోక ఇది. వైద్యంలో దాదాపుగా గడ్డ, కణితి అనే అర్థంలో వాడతారు. చర్మం కింద మెత్తగా కదిలే కొవ్వుగడ్డ లైపోమా. దాన్ని పదేళ్లు అలాగే ఉంచుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. టీబీ వల్ల మెదడులో వచ్చే గడ్డను ట్యూబర్‌క్యులోమా అంటారు. అది క్యాన్సర్ కాదు, మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. దెబ్బ తగిలి రక్తం గడ్డకడితే హెమటోమా. కంట్లో ఒత్తిడి పెరిగితే గ్లకోమా, అక్కడైతే గడ్డే లేదు. మరోపక్క లింఫోమా, మెలనోమా రెండూ క్యాన్సర్లే. కాబట్టి చివర 'ఓమా' ఉందా లేదా అని చూసి ఏడవడమో ఊపిరి పీల్చుకోవడమో కుదరదు. అదే మాట చివర 'కార్సినోమా' అనో 'సార్కోమా' అనో ఉంటే మాత్రం అది క్యాన్సర్ అని అర్థం.

'ట్యూమర్' అనే మాట కూడా అంతే. లాటిన్‌లో దానికి వాపు అని మాత్రమే అర్థం. తెలుగులో మనం 'గడ్డ' అనేస్తాం. సెగ్గడ్డా గడ్డే, కొవ్వుగడ్డా గడ్డే, క్యాన్సర్ గడ్డా గడ్డే. ఉర్దూలో 'రసోలీ' కూడా ఇలాగే అన్నిటికీ వాడే మాట. క్యాన్సర్‌కు ఉర్దూలో సర్తాన్ అనే వేరే మాట ఉంది. దానికి అసలు అర్థం ఎండ్రకాయ. ఇంగ్లీషు మాటకూ మూలం ఎండ్రకాయే. తెలుగులో పాతకాలం వాళ్లు రాచపుండు అనేవారు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు ఏ మాట వాడుతున్నారో చూసుకోవడం అందుకే ముఖ్యం. "పేట్ మే రసోలీ హై" అంటే వాళ్లు తట్టుకుంటారు. సర్తాన్ అంటే తిండి మానేస్తారు. రిపోర్టులో లేని మాటను ఇంట్లోకి తేకూడదు, ఉన్న మాటను దాచకూడదు.

ఇప్పుడు రెండు ముక్కలూ కలిపితే అర్థం సూటిగానే ఉంది. ఇన్సులిన్ తయారుచేసే కణాలే గడ్డగా పెరగడం ఇన్సులినోమా. ఇది అరుదైన జబ్బు. పుస్తకాల లెక్క ప్రకారం పది లక్షల మందిలో ఏడాదికి ఒకరి నుంచి నలుగురికి వస్తుంది. వచ్చినవాళ్లలో సుమారు 90 శాతం మందికి గడ్డ ఒక్కటే ఉంటుంది. అంతే శాతం మందిలో అది రెండు సెంటీమీటర్లకన్నా చిన్నది. అంతే శాతం మందిలో వేరే అవయవాలకు పాకదు. శనగగింజంత ఉండే ఆ గడ్డ మనిషిని కింద పడేయడానికి కారణం దాని సైజు కాదు, అది చేసే పని.

ఆకలి వేళ ఆగని ఇన్సులిన్

ఆరోగ్యంగా ఉన్న మనిషి పొద్దంతా ఏమీ తినకపోయినా షుగర్ ప్రమాదకరంగా పడిపోదు. తిండి లేదని గమనించగానే ప్యాంక్రియాస్ ఇన్సులిన్ తగ్గించేస్తుంది. లివర్ తాను దాచుకున్న చక్కెరను మెల్లగా వదులుతుంది. రోజా ఉన్న కోట్ల మంది సాయంత్రం దాకా పనులు చేసుకోగలుగుతున్నది ఈ ఏర్పాటు వల్లనే. ఇన్సులినోమా ఉన్న మనిషిలో ఈ తాళం పడదు. తిన్నా తినకపోయినా గడ్డ ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. లివర్ చక్కెర వదలలేదు, ఉన్న చక్కెరేమో ఖర్చయిపోతుంది. మెదడుకు చక్కెరే ముఖ్యమైన ఇంధనం కాబట్టి మొదట తేడా కొట్టేది అక్కడ.

అందుకే ఈ జబ్బు కడుపు జబ్బులా కనపడదు. కడుపునొప్పి ఉండదు, వాంతులు ఉండవు, కామెర్లు రావు. తెల్లవారుజామునో, భోజనం ఆలస్యమైనప్పుడో, బాగా నడిచిన తర్వాతో చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి వస్తాయి. అక్కడితో ఆగితే కొంత నయం. చూపు రెండుగా కనపడటం, మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పడం, కారణం లేకుండా కోపంతో అరవడం, ఆ తర్వాత ఏమీ గుర్తులేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా ఉంటాయి. ఏదో ఒకటి తినగానే పది పదిహేను నిమిషాల్లో మామూలు మనిషి అవుతారు.

ఒక ఇంటిని ఊహించుకోండి. నలభై అయిదేళ్ల తల్లి. ఏడాదిగా పొద్దున లేవగానే అయోమయంగా ఉంటోంది. టీలో బిస్కెట్ ముంచుకుని తిన్నాక సర్దుకుంటోంది. అర్ధరాత్రి లేచి రొట్టె ముక్క తింటోంది. బరువు పెరిగింది. "తిండి మీద ధ్యాస ఎక్కువైంది" అని ఇంట్లో నవ్వులాట. రంజాన్ వచ్చింది. అస్ర్ దాటాక వింతగా మాట్లాడటం మొదలుపెట్టింది. కోడలిని గుర్తుపట్టలేదు. ఇఫ్తార్‌లో ఖర్జూరం, షర్బత్ తీసుకున్న కాసేపటికి అంతా మామూలే. మర్నాడు మళ్లీ అదే. ఒకరు బలహీనత అంటారు. ఒకరు నజర్ తగిలిందంటారు, ఇంకొకరు జిన్ అసర్ అంటారు. ఎవరో మెల్లగా మెంటల్ డాక్టర్ పేరు ఎత్తుతారు. దువా చేయించడాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ మాట తడబడుతున్న ఘడియలోనే వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తే చాలు, సగం సంగతి తేలిపోతుంది. ఇన్సులినోమా పేషెంట్లు అసలు జబ్బు బయటపడేలోగా ఫిట్స్ మందులో, మానసిక వైద్యమో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడటం వైద్య గ్రంథాల్లో మళ్లీ మళ్లీ కనపడే సంగతి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. రోజాలో కళ్లు తిరిగిన ప్రతి ఒక్కరికీ ఈ గడ్డ ఉండదు. అలా తిరగడానికి చాలాసార్లు నీళ్లు తక్కువవడం, నిద్ర లేకపోవడం, సెహ్రీ వదిలేయడం కారణాలు. షుగర్ పడిపోయేవాళ్లలో కూడా అత్యధికులు డయాబెటిస్ ఉండి మాత్రలో ఇన్సులినో తీసుకుంటున్నవాళ్లే. షుగర్ జబ్బు లేని, ఆ మాత్రలు మింగని మనిషికి మళ్లీ మళ్లీ ఇలా అవుతుంటేనే ఇన్సులినోమాను అనుమానించాలి.

రోజాలో షుగర్ 70 కన్నా తగ్గితే ఉపవాసం విరమించాలని డయాబెటిస్ ఉన్నవాళ్ల కోసం రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలికి సూది గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదన్నది చాలామంది ఉలమా అభిప్రాయం. రోగికి రోజా విషయంలో ఉన్న మినహాయింపు అందరికీ తెలిసిందే. ఇన్సులినోమా అనుమానం ఉన్న మనిషి విషయంలో డాక్టరు "వద్దు" అన్నాక ఇంటివాళ్లు "ఒక్క జుమా రోజైనా" అని బలవంతపెట్టకూడదు.

పడిపోయిన మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి, తర్వాత ఏదైనా తినిపించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

విప్పుల్ చెప్పిన మూడు గుర్తులు, 72 గంటల పరీక్ష

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేసి తీశారు. ఆ కాలంలో డోసు ఎక్కువైన పేషెంట్లు చెమటలు పట్టి, పిచ్చిగా మాట్లాడి పడిపోవడం డాక్టర్లు చూశారు. ఇన్సులిన్ సూది తీసుకోని మనుషులు కొందరు కూడా అచ్చం అలాగే పడిపోతున్నారేమిటన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1927లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఒక పేషెంటుకు ఆపరేషన్ చేస్తే ప్యాంక్రియాస్‌లో కణితి కనిపించింది. ఆ పేషెంటు స్వయంగా డాక్టరే. కణితి అప్పటికే లివర్‌కు పాకింది. దానిలోంచి తీసిన రసంలో ఇన్సులిన్ దండిగా ఉందని తేలింది. రెండేళ్లకు, 1929లో, టొరంటోలో రాస్కో గ్రాహం అనే సర్జన్ ఇలాంటి గడ్డనే తీసేసి పేషెంటును పూర్తిగా బాగుచేశాడు.

అయితే ఆ తర్వాత షుగర్ తగ్గిందని చెప్పిన ప్రతివాళ్ల పొట్టా కోసి చూడటం మొదలైంది. దానికి హద్దు గీసినవాడు న్యూయార్క్ సర్జన్ ఆలెన్ విప్పుల్. 1930లలో ఆయన మూడు షరతులు పెట్టాడు. షుగర్ పడిపోయిన లక్షణాలు ఉండాలి. ఆ సమయంలోనే తీసిన రక్తంలో షుగర్ నిజంగా తక్కువ ఉండాలి. గ్లూకోజ్ ఇవ్వగానే ఆ లక్షణాలు పోవాలి. దీన్నే ఇప్పటికీ 'విప్పుల్స్ ట్రయాడ్' అంటారు. ఈయన పుట్టింది 1881లో, పర్షియాలోని ఉర్మియాలో. వైద్యచరిత్రలో ముస్లింలు, నెస్టోరియన్ క్రైస్తవుల పాత్ర గురించి ఒక పుస్తకం కూడా రాశాడు. ప్యాంక్రియాస్ తల భాగం తీసేసే పెద్ద ఆపరేషన్‌కూ ఈయన పేరే ఉంది. రిపోర్టులో 'విప్పుల్స్ ట్రయాడ్ పాజిటివ్' అని చూసి "విప్పుల్ ఆపరేషన్ చేయాలంట" అని కంగారు పడేవాళ్లకు ఈ తేడా తెలియాలి. ట్రయాడ్ అంటే గుర్తుల లెక్క మాత్రమే.

జబ్బు తేల్చడానికి ఇప్పటికీ ప్రధానమైన పరీక్ష ఉపవాసమే. పేషెంటును వార్డులో చేర్చుకుని గరిష్ఠంగా 72 గంటలు తిండి లేకుండా ఉంచుతారు. రోజాకూ దీనికీ ఒక తేడా, ఇందులో నీళ్లు తాగొచ్చు. మొదట ఆరేసి గంటలకొకసారి రక్తం తీస్తారు. షుగర్ 60 కిందికి వచ్చాక ఇంకా తొందర తొందరగా తీస్తారు. లక్షణాలు మొదలై షుగర్ బాగా పడిపోగానే చివరి శాంపిల్ తీసుకుని వెంటనే గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఇన్సులినోమా ఉన్న చాలామంది మూడు రోజులు ఉండలేరు, మొదటి 24 గంటల్లోనే పడిపోతారు. దీన్ని ఇంట్లో ప్రయత్నించడం ప్రాణంతో చెలగాటం.

ఆ చివరి శాంపిల్‌లో నాలుగైదు సంగతులు కలిపి చూస్తారు. షుగర్ 55 కన్నా తక్కువ ఉన్నప్పుడు ఇన్సులిన్ కూడా అడుగంటాలి. అలా తగ్గకుండా 3 యూనిట్లో అంతకన్నా ఎక్కువో ఉంటే గడబిడ ఉన్నట్టు. తర్వాత సి-పెప్టైడ్. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యేటప్పుడు దానితోపాటు తెగిపడే ముక్క ఇది. బయటి నుంచి సూదితో వేసుకున్న ఇన్సులిన్‌లో ఈ ముక్క ఉండదు. కాబట్టి ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ అని వస్తే ఎవరో సూది వేశారని అర్థం. రెండూ ఎక్కువ ఉంటే సొంత ప్యాంక్రియాస్ పనే. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు మింగినా రెండూ పెరుగుతాయి. ఉమ్మడి ఇళ్లలో దాదీ మాత్రల డబ్బా, అమ్మీ మాత్రల డబ్బా ఒకే అలమరలో ఉంటాయి. బీపీ మాత్ర అనుకుని షుగర్ మాత్ర మింగడం వింతేమీ కాదు. అందుకే ఆ మందుల జాడ కూడా రక్తంలో వెతుకుతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో అందరి మాత్రల షీట్లూ పట్టుకుపోవడం మంచిది.

శాంపిల్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. మామూలు ట్యూబులో తీసిన రక్తం గంటల తరబడి అలాగే ఉంటే అందులోని కణాలు చక్కెరను తినేస్తాయి, రిపోర్టులో షుగర్ ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. అందుకే షుగర్ కోసం బూడిద రంగు మూత ఉన్న ట్యూబు వాడతారు. ఇంట్లో గ్లూకోమీటర్ కూడా తక్కువ అంకెల దగ్గర కొంచెం అటూఇటూ చూపిస్తుంది. అది అనుమానానికి పనికొస్తుంది గానీ తీర్పుకు కాదు.

రిపోర్టులో ప్రశ్నార్థకం

డాక్టర్లు ఈ మాటను రాసే తీరు కూడా తెలిస్తే సగం భయం తగ్గుతుంది. చీటీలో ఇన్సులినోమా ముందు ప్రశ్నార్థకం గుర్తు ఉంటే అది అనుమానం మాత్రమే. 'ఆర్ బై ఓ' అని ఉంటే అది కాదని తేల్చుకోవడానికి పరీక్ష రాశారని అర్థం. 'ఎస్ బై ఓ' అంటే లక్షణాలు ఆ జబ్బువైపు చూపిస్తున్నాయని. అదే చీటీ పైన పేరు పక్కన ఉన్న 'ఎస్ బై ఓ' మాత్రం ఫలానా ఆయన కొడుకు అని! 'లీజన్', 'నాడ్యూల్', 'ఎస్.ఓ.ఎల్.' అనే మాటలు స్కానింగ్ డాక్టరు వాడేవి. అక్కడ ఏదో ఉంది అనేంతవరకే వాటి అర్థం. అది ఏమిటో చెప్పేది తర్వాత వచ్చే బయాప్సీ.

ఒకే జబ్బుకు రెండు పేర్లు కనపడటం ఇంకో తికమక. రక్తపరీక్ష డాక్టరు 'ఇన్సులినోమా' అంటాడు. స్కానింగ్, బయాప్సీ కాగితాల్లో 'న్యూరోఎండోక్రైన్ ట్యూమర్' అనో, పొట్టిగా 'పీనెట్' అనో ఉంటుంది. రెండు జబ్బులు కావు. హార్మోన్లు తయారుచేసే కణాల గడ్డలన్నిటి ఇంటిపేరు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. అందులో ఇన్సులిన్ వదిలేదాని సొంతపేరు ఇన్సులినోమా. గ్యాస్ట్రిన్ వదిలేది గ్యాస్ట్రినోమా, దానితో కడుపులో తగ్గని పుండ్లు వస్తాయి. గ్లూకగాన్ వదిలేది గ్లూకగోనోమా, దానితో షుగర్ పెరుగుతుంది. ఏ హార్మోనూ వదలనివి కూడా చాలా ఉంటాయి.

ఈ ఇంటిపేరు మన దేశంలో ఇంటింటికీ తెలిసింది 2018 మార్చిలో. నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉందని ప్రకటించారు. తెలుగువాళ్లకు ఆయన 2006లో వచ్చిన మహేశ్‌బాబు 'సైనికుడు' సినిమాతో పరిచయం. 'న్యూరో' అన్న ముక్క చూసి మెదడులో గడ్డ అని ప్రచారం జరిగింది. న్యూరో అంటే ప్రతిసారీ మెదడు కాదని ఆయనే స్పష్టం చేయాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్ 29న ఆయన కన్నుమూశారు. ఈ రకం గడ్డలన్నీ మెత్తనివే అనుకోవడం కూడా పొరపాటే అనడానికి ఆయన జబ్బే గుర్తు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అందరికీ తెలిసిన పేరు స్టీవ్ జాబ్స్. ఆయనకు 2003లో ప్యాంక్రియాస్‌లో బయటపడింది కూడా దీవుల కణాల గడ్డే, న్యూరోఎండోక్రైన్ రకం. పేపర్లన్నీ 'ప్యాంక్రియాస్ క్యాన్సర్' అనే రాశాయి. మామూలుగా ఆ మాటతో డాక్టర్లు చెప్పేది అడినోకార్సినోమాను. జీర్ణరసాల గొట్టాల్లోంచి పుట్టే ఆ రకమే ప్యాంక్రియాస్ క్యాన్సర్లలో సుమారు 90 శాతం. చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది, నెలల్లోనే ముదురుతుంది. జాబ్స్ ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికారు, 2011 అక్టోబర్ 5న చనిపోయారు. ఒకే అవయవంలో పుట్టిన రెండు గడ్డల దారులు ఎంత వేరో చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

నొప్పి లేకుండా కామెర్లు రావడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, దురద, తిండి సహించక బరువు తగ్గిపోవడం, వెన్నులోకి పాకే నొప్పి, యాభై దాటాక బరువు తగ్గుతూ కొత్తగా షుగర్ రావడం.. ఇవి అడినోకార్సినోమా వైపు చూపే గుర్తులు. ఇన్సులినోమా వాళ్లు సాధారణంగా బరువు పెరుగుతారు. ఏ లక్షణాలు ఏ పేరుకు చెందినవో కలపకూడదు.

గడ్డ ఎక్కడుందో వెతకడం, తీయడం

రక్తపరీక్షలో తేలాకే గడ్డ కోసం వెతుకుతారు. ముందు స్కాన్ చేయించుకుని రావడం వల్ల డబ్బు దండగే. గడ్డ చిన్నది కాబట్టి మామూలు కడుపు అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు దొరకదు. "స్కానింగ్ నార్మల్ వచ్చింది, ఏం లేదంట" అని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. ప్యాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా దశలవారీగా తీసే సీటీ, ఎమ్మారై, నోటి ద్వారా గొట్టం పంపి కడుపు లోపలి నుంచి చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కావాలి. అవీ తేల్చకపోతే ప్రత్యేకమైన పెట్ స్కాన్లు ఉన్నాయి.

ఈ పనికి పంజాగుట్ట చుట్టుపక్కల దారులు తెలిసినవే. నిజాం ట్రస్టు ఎముకల ఆస్పత్రిగా మొదలై తర్వాత పెద్ద సంస్థగా మారిన నిమ్స్‌లో హార్మోన్ల జబ్బుల విభాగం, కడుపు ఆపరేషన్ల విభాగం రెండూ ఉన్నాయి. పక్కనే సోమాజిగూడలో డాక్టర్ డి.నాగేశ్వర్‌రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీలో పేరుంది. ఓపీ చీటీ తీసుకునేటప్పుడు అడగాల్సిన విభాగం ఎండోక్రైనాలజీ. 'కడుపులో గడ్డ' అని చెబితే వేరే వరుసలో నిలబెడతారు, ఒక రోజు పోతుంది.

వైద్యం ప్రధానంగా ఆపరేషనే. గడ్డ చిన్నగా, పైపైన ఉంటే గింజ వొలిచినట్టు దాన్ని మాత్రం తీసేస్తారు. తోకవైపు లోతుగా ఉంటే ఆ భాగం కోసి తీస్తారు. తలలో లోతుగా ఉంటేనే విప్పుల్ ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఒకే గడ్డ ఉండి అది పూర్తిగా వచ్చేస్తే అత్యధికులకు జబ్బు నయమైనట్టే. ఆపరేషన్ అయిన కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు. అప్పటిదాకా నిద్రపోయిన మామూలు దీవులు మేల్కోవడానికి పట్టే సమయం అది. ఆపరేషన్‌కు ముందో, ఆపరేషన్ కుదరని వాళ్లకో డయజాక్సైడ్ మాత్రలు, ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. రెండు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెం తినడం, రాత్రి పడుకునే ముందు తినడం కూడా వైద్యంలో భాగమే.

తీసిన గడ్డ ల్యాబ్‌కు వెళ్తుంది. ఆ రిపోర్టులో 'కేఐ-67' అనే అంకె చూడాలి. కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే శాతం అది. 3 కన్నా తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. గ్రేడ్ అంటే స్టేజ్ కాదు. స్టేజ్ అనేది గడ్డ ఎంతవరకు పాకిందో చెప్పేది. పాకిన ఇన్సులినోమాలు కూడా కొన్ని ఉంటాయి కాబట్టి గ్రేడ్ 1 అని వచ్చినా డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోవాలి. చిన్న వయసులో వచ్చినా, ఒకటికన్నా ఎక్కువ గడ్డలు ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ రాళ్లు, కాల్షియం ఎక్కువ ఉండటం, పిట్యూటరీ గడ్డ లాంటివి ఉన్నా ఆ సంగతి చెప్పాలి. మెన్-1 అనే వంశపారంపర్య జబ్బులో ఇవన్నీ కలిసి వస్తాయి. అప్పుడు అన్నదమ్ములు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాల్సి ఉంటుంది.

ఖర్చు విషయానికి వస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షల రూపాయలకు పెంచారు. తమకు రాసిన ఆపరేషన్ పథకంలో ఉందో లేదో, అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. అక్కడ రేషన్ కార్డు, ఆధార్‌తోపాటు రక్తపరీక్ష, స్కాన్ కాగితాలన్నీ అడుగుతారు. జిల్లా నుంచి వచ్చేవాళ్లు ఒరిజినల్స్ ఇచ్చేసే ముందు ఒక సెట్ జిరాక్స్ తీయించి దగ్గర పెట్టుకుంటే, బయాప్సీ రిపోర్టు తీసుకోవడానికి మళ్లీ వచ్చినప్పుడు పాత అంకెలతో పోల్చి చూపించడానికి అవే పనికొస్తాయి.